కాగితాలన్నీ ఒక్క మాట మీద ఉండాలి

ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టుతో పరదేశం వెళ్లాలంటే రెండు గడపలు దాటాలి. ఒకటి అవతలి దేశం వీసా, రెండోది సొంత దేశం ఇమిగ్రేషన్ కౌంటర్. మొదటిది మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. రెండోదాని సంగతి ఈసీఆర్ ముద్ర, అంటే వలస తనిఖీ తప్పనిసరి అన్న ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను అడిగితే చెబుతారు. మనీలాలో మాత్రం నాలుగు రోజులు సెలవు పెట్టి సింగపూర్ చూసిరావాలనుకున్న స్కూలు టీచరుకు కూడా ఆ కౌంటర్ గుర్తొస్తే ముందు రాత్రి నిద్రపట్టదు.

ఏళ్లుగా ఎర్మితాలోని ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో డాక్యుమెంట్ల బల్ల నాది. మాది కాకినాడ. మా ఆయన ఉద్యోగం మకాతీలో కావడంతో ఈ దేశం వచ్చి, తగలోగ్ నేర్చుకుని, ఈ పనిలో కుదిరాను. పని నేర్పింది మా సీనియర్. ఆఫీసంతా ఆవిణ్ణి ఆతే అని పిలిచేది, అంటే అక్క. టికెట్లు చేత్తో రాసిన తరం మనిషి. ఫైలు చేతికిస్తే ముందు తూకం చూసినట్టు అరచేతిలో ఉంచుకుని, తర్వాత ఒక్కో కాగితం తిప్పేది. ఆవిడ నేర్పిన సూత్రం ఒకటే: కాగితాలన్నీ ఒక్క మాట మీద ఉండాలి. పుట్టిన సర్టిఫికెట్ ఒకటి చెప్పి, పాస్‌పోర్టు ఇంకోటి చెప్పి, బ్యాంకు మూడోది చెబితే ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా కౌంటర్ ముందు దొంగలా నిలబడాల్సి వస్తుంది.

పేరుతో మొదలుపెట్టండి. సగం ప్రయాణాలు పేరు దగ్గరే చెడతాయి. ఫిలిప్పీన్స్‌లో మనిషి పేరు మూడు ముక్కలు: సొంత పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు. మధ్యలో ఉన్న తల్లి ఇంటిపేరును టికెట్‌లో సొంత పేరు పక్కన పెట్టాలా వద్దా అని ప్రతివాళ్లూ అడుగుతారు. ఎయిర్‌లైన్‌కి కావలసింది పాస్‌పోర్టులో సొంత పేరు గడిలో ఉన్నదీ ఇంటిపేరు గడిలో ఉన్నదీ. ఆ రెండూ అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. ఇక్కడ మరియా అనే పేరు లక్షల మందికి ఉంటుంది. పుట్టినప్పుడు గుమాస్తా ఓపిక లేక ‘మ’ రాసి చుక్క పెడతాడు. స్కూల్లో మరియా అని పూర్తిగా రాస్తారు. పెళ్లి సర్టిఫికెట్‌లో మళ్లీ చుక్క. డెలా క్రూజ్ అనే ఇంటిపేరు చూడండి, ఒక కాగితంలో డెలా కలిపి ఉంటుంది, ఇంకోదాంట్లో డె, లా విడిపోతాయి. జూనియర్ అన్నది ఒకచోట ఉంటుంది, ఒకచోట మాయమవుతుంది. ఇవన్నీ బల్ల మీద వరసగా పరిచి, వేలుపెట్టి అక్షరం అక్షరం చదవాలి. కళ్లతో చదివితే చాలదు, పెదాలు కదలాలి అనేది ఆతే. ఇప్పటికీ నేను అలాగే చదువుతాను.

దీనికి తోడు పీసో ఫేర్ల గోల. బేస్ ఫేర్ ఒక్క పెసో అని ఎయిర్‌లైన్ ప్రకటన వేస్తుంది. అర్ధరాత్రి లేచి జనం నెలల ముందు తేదీలకు టికెట్లు కొనేస్తారు. పాస్‌పోర్టు ఇంకా ఉండదు. కజిన్‌లందరి పేర్లూ ఒకడే ఫోన్‌లో కొడతాడు, ముద్దుపేర్లతో సహా. ఆ టికెట్ పట్టుకుని మా దగ్గరికొస్తే పేరు మార్చడానికి ఎయిర్‌లైన్ అడిగే డబ్బు టికెట్ ధరను మించిపోతుంది. అందుకే చెబుతున్నాను, వరస తప్పకండి. ముందు పీఎస్ఏ సర్టిఫికెట్, దాని మీద పాస్‌పోర్టు, దాని మీద టికెట్.

పీఎస్ఏ అంటే ఫిలిప్పీన్ స్టాటిస్టిక్స్ అథారిటీ. పుట్టుక, పెళ్లి, చావు, అన్నిటికీ ఆ కార్యాలయం కాగితమే మూలం. పాస్‌పోర్టు ఇచ్చేది విదేశాంగ శాఖ, డీఎఫ్ఏ. ఆన్‌లైన్‌లో తేదీ తీసుకుని వెళ్లాలి. చాలా ఊళ్లలో ఆ ఆఫీసు షాపింగ్ మాల్ లోపలే ఉంటుంది. 2018 నుంచి పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది, పిల్లలది ఐదేళ్లు. పదేళ్ల పాస్‌పోర్టు వచ్చాక జనానికి గడువు తేదీ మీద శ్రద్ధ తగ్గింది. చాలా దేశాలు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఎవరైనా కుర్చీలో కూర్చోగానే నేను చూసే మొదటి గీత అదే.

పెళ్లైన ఆడవాళ్ల సంగతి వేరు. ఇక్కడ చట్టం ప్రకారం భర్త ఇంటిపేరు పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కానీ ఒకసారి పాస్‌పోర్టులో పెట్టుకుంటే పుట్టింటి పేరుకు తిరిగి రావడం చాలా కష్టంగా ఉండేది. ఈ దేశంలో ముస్లింలకు తప్ప విడాకుల చట్టం లేదు. భర్త వదిలేసి ఎటో వెళ్లిపోయినా అతని పేరు మోస్తూనే ఉన్న ఆడవాళ్లు నా బల్ల ముందు ఎంతమంది కూర్చున్నారో. 2024లో వచ్చిన కొత్త పాస్‌పోర్టు చట్టం ఒక్కసారి పుట్టింటి పేరుకు మారే వీలిచ్చింది. ఆ చట్టం మీద సంతకం పడిందని తెలిసిన రోజు ఆతే పాత ఫైళ్లు తీసి, ఎవరెవరికి ఫోన్ చేయాలో రాసుకుంది.

నా మొదటి విజయం ఒక లోలాది. లోలా అంటే అమ్మమ్మ. దివిసోరియా మార్కెట్‌లో కూరగాయలమ్మిన మనిషి. కూతురు నగోయాలో జపాన్ అతన్ని చేసుకుని స్థిరపడింది, పురిటికి తల్లి రావాలంది. లోలాకు పాస్‌పోర్టే లేదు. పుట్టింది సామార్ దీవిలో. పుట్టినప్పుడు ఎవరూ నమోదు చేయించలేదు, పెద్దయ్యాక చేయించారు. దీన్ని లేట్ రిజిస్ట్రేషన్ అంటారు. అలాంటి సర్టిఫికెట్‌తో వెళితే డీఎఫ్ఏ వాళ్లు ఇంకా పాత రుజువులు అడుగుతారు: చర్చి బాప్తిజం సర్టిఫికెట్, బడి రికార్డు, పెళ్లి కాగితం. బాప్తిజం కాగితం కోసం లోలా మేనల్లుడు ఊరి చర్చికి వెళ్లాడు. వచ్చింది. చూస్తే పుట్టిన నెల తేడా.

ఇలాంటప్పుడు కొత్తవాళ్లు భయపడి కోర్టు అంటారు. అక్కర్లేదు. 2001లో వచ్చిన చట్టం 9048 రాతతప్పుల్ని కోర్టు మెట్లెక్కకుండా స్థానిక సివిల్ రిజిస్ట్రార్ దగ్గరే దిద్దుకోనిచ్చింది. 2012లో చట్టం 10172 పుట్టిన రోజునూ నెలనూ దిద్దే వీలిచ్చింది. సంవత్సరం తప్పైతే మాత్రం కోర్టే గతి. రోజు, నెల దిద్దడానికి కూడా పత్రికలో ప్రకటన వేయించాలి, నెలలు పడుతుంది. పుట్టిన ఊరికి వెళ్లలేనివాళ్లు ఉన్న ఊళ్లోనే మైగ్రెంట్ పిటిషన్ పెట్టుకోవచ్చు. లోలా చేత అదే పెట్టించాం. కూతురి పురుడు దాటిపోతుందని ఆవిడ ఏడుస్తుంటే ఆతే పక్కన కూర్చుని, మనవడి మొదటి పుట్టినరోజుకి పంపిస్తాను లోలా అని మాటిచ్చింది.

పాస్‌పోర్టు చేతికొచ్చాక జపాన్ వీసా ఫైలు నాకే వదిలేసింది. అప్పట్లో మనీలాలో జపాన్ వీసా దరఖాస్తులు ఎంబసీ గుర్తించిన ఏజెన్సీల ద్వారానే వెళ్లేవి. వీసాకు రుసుం లేదు, ఏజెన్సీ సర్వీసు ఛార్జీ మాత్రమే. కానీ తిరస్కరిస్తే కారణం చెప్పరు. అదే పని మీద ఆరు నెలలు మళ్లీ పెట్టుకోవడానికి వీల్లేదు. అంటే దెబ్బకొట్టే అవకాశం ఒక్కటే. కూతురి ఆహ్వాన పత్రం, గ్యారంటీ పత్రం, నగోయా నివాస ధ్రువపత్రం, అల్లుడి ఆదాయ ధ్రువపత్రం వచ్చాయి. ఏ రోజు ఎక్కడుంటుందో చెప్పే షెడ్యూలు నేను రాశాను. తల్లీకూతుళ్ల బంధుత్వానికి రుజువు కూతురి పుట్టిన సర్టిఫికెట్. దాన్ని పెదాలు కదుపుతూ చదివాను. తల్లి పుట్టింటి ఇంటిపేరులో ఒక అక్షరం తేడా! లోలా కాగితాల్లో ఒకటి, కూతురి కాగితంలో ఇంకోటి. ఇద్దరూ ఒకే మనిషేనని నోటరీ అఫిడవిట్ చేయించి, ఆ తేడాను వివరిస్తూ ఒక పేజీ లేఖ రాసి పైన పెట్టాను. వీసా వచ్చింది. ఆతే ఏమీ అనలేదు, ఆ సాయంత్రం మెరియెండాకి, అంటే చిరుతిండికి, పాన్సిత్ నూడిల్స్ తెప్పించింది.

మీరూ ఇది పట్టుకోండి. ఫైలులో లోపం ఉంటే దాచకండి. మీరే ముందు చూపించి, కారణం రాయండి. అధికారి తనంతట తాను పట్టుకున్న తేడా అబద్ధంలా కనిపిస్తుంది. మీరు చూపించిన తేడా గుమాస్తా పొరపాటుగానే మిగిలిపోతుంది.

ఇక డబ్బు. దీన్ని ఇక్కడ షో మనీ అంటారు. బ్యాంకు సర్టిఫికెట్‌లో ఇవాళ్టి నిల్వ ఒక్కటే ఉంటుందనుకుంటారు చాలామంది. ఖాతా ఎప్పుడు తెరిచారో, సగటు రోజువారీ నిల్వ ఎంతో కూడా ఉంటుంది. ఆ సగటును ఏడీబీ అంటాం. నిల్వ మూడు లక్షల పెసోలు, ఏడీబీ పన్నెండు వేలు అని కనిపిస్తే ఏ ఎంబసీ గుమాస్తాకైనా నిన్న ఎవరో అప్పిచ్చారని అర్థమైపోతుంది. షో మనీ వడ్డీకి ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్ల కార్డులు మా తలుపు కింది నుంచి తోసేవాళ్లు. ఆతే తీసి చించేసేది. నిజంగా ట్రైసికిల్ అమ్మిన డబ్బు ఒకేసారి పడిందా? అమ్మకం కాగితం జత చెయ్యి. అన్న పంపాడా? రెమిటెన్స్ రసీదు జత చెయ్యి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని డబ్బు కన్నా తక్కువ డబ్బే నయం.

ఉద్యోగస్థుల పని తేలిక. కంపెనీ ఇచ్చే సీఓఈ, అంటే పనిచేస్తున్నట్టు సర్టిఫికెట్, దాంట్లో సెలవు మంజూరు తేదీలు, ఆదాయపు పన్ను కాగితం 2316, అయిపోయింది. కష్టమంతా సొంత వ్యాపారం వాళ్లది. పాసాయ్ దగ్గర కారిందెరియా నడిపే దంపతులు వచ్చారొకసారి. వీధి భోజనశాల, రోజంతా జనమే. కొరియాలో చెర్రీ పూలు చూడాలని ఇద్దరికీ కోరిక. డబ్బుంది, కానీ అంతా ఇంట్లో బియ్యం డబ్బాలో. ఆతే వాళ్లను అప్పుడే వెనక్కి పంపేసింది. వాణిజ్య పరిశ్రమల శాఖ డీటీఐలో వ్యాపారం పేరు నమోదు, మేయర్ పర్మిట్, పన్ను రిటర్ను సరిచేసుకుని, ప్రతి సోమవారం వారం అమ్మకం బ్యాంకులో వేస్తూ వచ్చే వసంతానికి రమ్మంది. ఇంకో ఏజెన్సీ అయితే ఆ రోజే ఫీజు తీసుకునేది. వాళ్లు ఏడాది తర్వాత పాస్‌బుక్ పట్టుకుని వచ్చారు. ఆ పుస్తకంలో వారం వారం పడిన చిన్న చిన్న అంకెలు చూసి నాకు ఎంత గౌరవం కలిగిందో. ఇద్దరికీ వీసా వచ్చింది.

వీసా అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. చాలా ఆసియాన్ దేశాలు, హాంకాంగ్, తైవాన్ ఫిలిప్పీన్స్ వాళ్లను వీసా లేకుండా రానిస్తాయి. తొలి ప్రయాణికులంతా అటే వెళతారు. వీసా లేదు కదా ఫైలెందుకు అనుకోవడమే పొరపాటు. వీసా లేని ప్రయాణానికే సొంత కౌంటర్ దగ్గర ప్రశ్నలెక్కువ.

ఎందుకంటే ఈ దేశం మనుషుల్ని పోగొట్టుకుంది. టూరిస్టులుగా వెళ్లిన ఆడపిల్లలు ఏజెంట్ల చేతుల్లో పడి ఎడారి దేశాల ఇళ్లలో ఇరుక్కున్నారు. ఈమధ్య కుర్రాళ్లు బ్యాంకాక్ టికెట్‌తో వెళ్లి మయన్మార్ సరిహద్దులో ఆన్‌లైన్ మోసాల కోటల్లో తేలారు. 2003లో అక్రమ రవాణా నిరోధక చట్టం వచ్చింది, 2013లోనూ 2022లోనూ దాన్ని ఇంకా బిగించారు. అందుకే కౌంటర్‌లో మొదటి అధికారికి అనుమానమొస్తే సెకండరీకి, అంటే రెండో విడత విచారణకు పంపిస్తారు. అక్కడ తృప్తిపడకపోతే ప్రయాణం ఆపేస్తారు. దీన్నే జనం ఆఫ్‌లోడ్ అంటారు. 2022లో ఇలా ఆపినవాళ్లు 32,404 మంది. వాళ్లలో అక్రమ రవాణా, అక్రమ రిక్రూట్‌మెంట్ బాధితులని తేలింది 472 మంది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్లలో మా ఖాతాదారులూ ఉన్నారు. ఇజ్రాయెల్ వెళ్లబోయిన ఒక యువతిని కాలేజీ ఇయర్‌బుక్ చూపించమన్నారని 2023లో బయటపడింది. ఆవిడ విమానం వెళ్లిపోయింది. ఇమిగ్రేషన్ బ్యూరో క్షమాపణ చెప్పింది. అదే ఏడాది మరిన్ని కాగితాలు అడిగే కొత్త మార్గదర్శకాలు ప్రకటిస్తే జనం మండిపడ్డారు, అమలుకు ముందే నిలిపేశారు.

కాబట్టి ఫైలు కాగితం మీద ఉండాలి. ఫోన్ బ్యాటరీని నమ్మకండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, సీఓఈ, కంపెనీ గుర్తింపు కార్డు. ఎవరైనా ఖర్చు భరిస్తుంటే వాళ్లెవరో, బంధుత్వం ఏమిటో చూపే పీఎస్ఏ కాగితాలు, విదేశంలో ఉన్న బంధువైతే అక్కడి ఫిలిప్పీన్స్ కాన్సులేట్‌లో చేయించిన సపోర్ట్ అఫిడవిట్. పద్దెనిమిది నిండని పిల్లలు తల్లిదండ్రులు లేకుండా వెళుతుంటే సంక్షేమ శాఖ డీఎస్‌డబ్ల్యూడీ క్లియరెన్స్. ఈ ఒక్క కాగితం లేక, మేనత్తతో హాంకాంగ్ డిస్నీలాండ్‌కు బయల్దేరిన పిల్లాడు చెక్-ఇన్ దగ్గరే ఆగిపోయాడు. టికెట్లు వాళ్లే కొనుక్కున్నారు, మా దగ్గరికి తర్వాత వచ్చారు. పెళ్లి కాని తల్లి తన బిడ్డను తీసుకెళ్లడానికి ఈ క్లియరెన్స్ అక్కర్లేదు, చట్టం ఆ హక్కు ఆమెకే ఇచ్చింది. కానీ అమ్మమ్మతో పంపితే కావాలి.

ప్రశ్నలకు నేను ఖాతాదారులతో రిహార్సల్ చేయించను. ఆతే చేయించనివ్వలేదు. బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకు చెదిరిపోతుంది. ఎవరి డబ్బు, ఎక్కడ బస, ఎప్పుడు తిరిగొస్తావు, వచ్చి ఏం చేస్తావు, ఈ నాలుగూ నిజంగా తెలిసుంటే చాలు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ప్రియుణ్ణి చూడటానికి వెళుతూ కజిన్ అని చెప్పిన అమ్మాయి ఆగిపోయింది. ప్రియుడు అని చెప్పి, రెండేళ్ల ఫోటోలు చూపించిన అమ్మాయి వెళ్లింది.

మిగతావి చిన్న పనులు. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఈట్రావెల్‌లో నమోదు ప్రయాణానికి 72 గంటల లోపు చేసుకోవాలి, పైసా అక్కర్లేదు. డబ్బడిగే సైటు ఏదైనా నకిలీదే. ట్రావెల్ ట్యాక్స్ నేను టికెట్లు కొట్టిన కాలమంతా ఎకానమీకి 1,620 పెసోలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం, రెండేళ్ల లోపు వాళ్లకు లేదు, సరైన ఎగ్జిట్ కాగితం ఉండి విదేశాల్లో ఉద్యోగం చేసే ఫిలిపినోలకు మినహాయింపు. టికెట్‌లో కలిసిందో లేదో చూసుకోకపోతే విమానాశ్రయంలో ఇంకో క్యూ. చలి దేశాలకు కోటు కొత్తది కొనొద్దు, ఉకాయ్-ఉకాయ్ సెకండ్‌హ్యాండ్ కొట్లలో మంచివి దొరుకుతాయి, బాగియోలో అయితే ఇంకా చవక. సామాను ఎవరి చేతికీ ఇవ్వకండి. 2015లో సంచుల్లో తుపాకీ గుండ్లు దొరికాయన్న కేసుల తర్వాత మనీలాలో జనం పెట్టెలకు ప్లాస్టిక్ చుట్టించుకోవడం అలవాటు చేసుకున్నారు.

పసలుబోంగ్ దగ్గర మాత్రం నేను గట్టిగా ఉంటాను. చుట్టాల కోసం పట్టుకెళ్లే కానుకలవి, అవి లేకుండా ఏ ఫిలిపినో గడప దాటడు. తైవాన్‌లో ఉన్న తమ్ముడికి చిచరోన్, లాంగనీసా కావాలి. రెండూ పంది మాంసం. 2019లో ఫిలిప్పీన్స్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చింది. ఇక్కడి పంది మాంసంతో దొరికితే తైవాన్‌లో మొదటిసారి జరిమానా రెండు లక్షల తైవాన్ డాలర్లు. నేను ఖాతాదారుల చేత పెట్టె తెరిపించి చూస్తాను. ఎండు మామిడి పళ్లు పెట్టుకోమంటాను. ఇక జపాన్ నుంచి వచ్చేవాళ్లు రైస్ కుక్కర్ తేవద్దు. ప్లగ్గు ఇక్కడి గోడలో సరిగ్గా దూరుతుంది, అక్కడి కరెంటు 100 వోల్టులు, ఇక్కడ 220. లోలాకు మూడుసార్లు చెప్పి పంపాను. చాకొలేట్లు తెచ్చింది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని, కాదనడం. ఒకమ్మాయి బ్యాంకాక్ టికెట్ కావాలంటూ వచ్చింది. ఐదు రోజుల టూర్ అంది. ఫైలు కోసం అడిగితే డిగ్రీ సర్టిఫికెట్లు తీసింది. టూర్‌కి డిగ్రీలెందుకు హిజా అంది ఆతే, అంటే బిడ్డా అని. కస్టమర్ సర్వీస్ ఉద్యోగం, మంచి జీతం, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయిపోయింది, అక్కడికి వచ్చాక పర్మిట్ ఇస్తామన్నారు, అంతా మెల్లగా బయటికొచ్చింది. ఆతే టికెట్ అమ్మలేదు. జీప్నీ ఎక్కించి, ఎద్సా, ఓర్తిగాస్ కూడలిలోని వలస కార్మికుల శాఖ ఆఫీసుకి, డీఎండబ్ల్యూకి తనే తీసుకెళ్లింది. ఆ కంపెనీకి ఇక్కడ లైసెన్సున్న ఏజెన్సీ ఏదీ లేదని అక్కడ తేలింది. ఆ రోజు మా ఏజెన్సీకి ఒక టికెట్ కమీషన్ పోయింది. బాస్ ఒక్క మాట అనలేదు, ఆయనదీ గొప్పతనమే.

ఇది పరాయి దేశం కథ అనుకోకండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందిగా. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన మన పిల్లలు సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతుల్లో చిక్కారు. ఈ ఫిలిప్పీన్స్ అమ్మాయికి చెప్పిన మాటలే వాళ్లకూ చెప్పారు. మీరు అమీర్‌పేటలోనో గాజువాకలోనో ట్రావెల్స్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లైతే, టూరిస్ట్ వీసా మీద ఉద్యోగానికని ఎవరైనా వస్తే, టికెట్ కొట్టకముందు ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో వాళ్ల కళ్లముందే చూడండి. లేకపోతే ఆ టికెట్ అమ్మకండి.